కంచు గంటలు మోసుకుని సింగపూర్ నుంచి బగాన్ దాతు దాకా

ఇంటికొచ్చాక బ్యాగులు ఇంకా పూర్తిగా విప్పలేదు. ఊళ్లూ మనుషుల మొహాలూ కళ్ల ముందు ఉండగానే రాసేయాలని కూర్చున్నాను. దసరా సెలవుల్లో విశాఖ నుంచి మా చర్చి హ్యాండ్‌బెల్ బృందం సింగపూర్, మలేసియా వెళ్లి కచేరీలు చేసి వచ్చింది.

హ్యాండ్‌బెల్స్ అంటే మనవైపు చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం చెబుతాను. పిడి ఉన్న కంచు గంటలు, ఒక్కో గంటకు ఒక్కటే స్వరం. మా సెట్టు మూడు ఆక్టేవులు (స్థాయిలు), అంటే మొత్తం 37 గంటలు, వాటిని పదకొండు మందిమి పంచుకుంటాం. నా చేతుల్లో ఉండేవి జి, ఏ, ఇవి ఇంగ్లిష్ స్వరాల పేర్లు. సి స్వరాన్ని షడ్జమంగా (స) పెట్టుకుంటే అవి పంచమం, ధైవతం. పాటలో ప, ద వచ్చినప్పుడే నాకు పని, మిగతా సేపంతా లెక్క పెట్టుకుంటూ పక్కవాళ్లను వింటూ నిలబడాలి. హార్మోనియం ఒక్కళ్లు వాయించేస్తారు, ఇది మాత్రం పదకొండు మంది కలిస్తేనే ఒక వాయిద్యం, ఒక్కరు రాకపోయినా పాట పళ్లు ఊడిన నోరులా అయిపోతుంది. నాకు దీని మీద ఇంత ప్రేమ ఎందుకంటే ఇదే కారణం.

చెమట తగిలితే కంచు మీద మచ్చ పడుతుంది, అందుకని గ్లౌజులు వేసుకుంటాం. మోగించాక గంట అంచును భుజానికి ఆనిస్తే శబ్దం ఆగుతుంది. బల్లల మీద మందపాటి ఫోమ్, దాని మీద మఖమల్ గుడ్డ పరచాలి, ఎందుకంటే గంటను ఆ ఫోమ్ మీద కొట్టి మోగించే పద్ధతి ఒకటుంది, మార్టెలాటో అంటారు, ఉత్త బల్ల మీద అలా కొడితే గంట పగిలిపోవచ్చు. గంటల పెట్టెల బరువుకే లగేజీ సరిపోయింది కాబట్టి ఫోమ్ ఎక్కడికక్కడ అక్కడివాళ్లే ఏర్పాటు చేసేలా మాట్లాడుకున్నాం.

సింగపూర్, గురువారం

దిగగానే ముందు కడుపు సంగతి చూసుకున్నాం. వీధి చివర కాఫీ దుకాణంలో కయా టోస్ట్ తిన్నాం. కొబ్బరిపాలు, గుడ్లు, పంచదార, పండన్ ఆకు కలిపి చిక్కగా కాచిన తీపి ముద్దను కాల్చిన బ్రెడ్డుకు రాసి, మధ్యలో చల్లటి వెన్న ముక్క పెడతారు. పక్కన సగం ఉడికిన గుడ్లు రెండు, వాటి మీద సోయా సాస్, మిరియాల పొడి. కాఫీతో కలిపి ఆరున్నర డాలర్లు, అంటే 400 రూపాయలు పైమాటే. గుడ్డు అంత పల్చగా ఉంటే మా పిల్లలు ముట్టుకోలేదు కానీ నాకు మాత్రం ఆ సోయా సాస్ ఘాటు, వెన్న చల్లదనం కలిసి భలే నచ్చింది. కాఫీలో కండెన్స్‌డ్ మిల్క్ వేస్తారు, మన ఫిల్టర్ కాఫీ అలవాటున్నవాళ్లు తక్కువ తీపి అని ముందే చెప్పుకోవాలి.

మధ్యాహ్నం లిటిల్ ఇండియాలో టెక్కా సెంటర్‌కి వెళ్లాం. అక్కడ ఖాళీ బల్ల మీద టిష్యూ పేపర్ ప్యాకెట్ కనబడితే ఆ చోటు ఎవరో పట్టుకున్నట్టు లెక్క. మా బృందంలో పెద్ద గంటలు మోగించే మామయ్య కూర్చోబోతుంటే పక్క బల్ల దగ్గరున్న ఆవిడ కోప్పడకుండా ఆ ప్యాకెట్ వైపు వేలు చూపించి, తన పిల్లల్ని జరిపి మాకు చోటిచ్చింది. తిన్నాక ట్రే మనమే తీసుకెళ్లి పెట్టాలి, 2021 నుంచి అది నిబంధన, పాటించకపోతే జరిమానా కూడా ఉంది. మటన్ బిర్యానీ ఏడు డాలర్లు. మసాలా తక్కువ, ముక్క మాత్రం మెత్తగా ఉంది.

సాయంత్రం ఒక కమ్యూనిటీ హాల్లో మొదటి కచేరీ. ఉద్యోగాల మీద అక్కడికి వెళ్లిన తెలుగు కుటుంబాలు, ఆ చుట్టుపక్కల ఉండే చైనీస్, మలయ్ పెద్దవాళ్లు వచ్చారు. మా కార్యక్రమంలో సగం ఇంగ్లిష్ కీర్తనలు, సగం తెలుగు కీర్తనల వరసలు. తెలుగు వరసలు గంటలకు రాయడం తేలిక కాదు, ఎందుకంటే గంటకు గమకం రాదు. గొంతు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారగలదు, వీణ తీగను లాగొచ్చు, గంట మాత్రం పోత పోసినప్పుడు ఏ స్వరం వచ్చిందో ఎప్పటికీ అదే. అందుకే మా మాస్టారు గమకం లేకపోయినా నిలబడే రాగాలు ఏరుకుంటారు, అందులో మొదటిది మోహన. స రి గ ప ద, అయిదే స్వరాలు, దేన్ని దేనితో కలిపి మోగించినా చెవికి గుచ్చుకోదు. మధ్యమం, నిషాదం ఉండవు కాబట్టి ఎఫ్ గంట, బి గంట మొత్తం పాటలో బల్ల మీదే ఉంటాయి.

ఆ మోహన కీర్తన అయిపోగానే ముందు వరసలో కూర్చున్న చైనీస్ తాతగారు లేచి వచ్చి, ఇది చైనాలో ఏ ప్రాంతం పాట అని అడిగారు. తెలుగు పాట అంటే ఆయన ఒప్పుకోలేదు. వాళ్లకీ అవే అయిదు స్వరాలు మరి. తన ఊరి పాట ఒకటి నెమ్మదిగా పాడి వినిపించారు. మా మాస్టారు వెంటనే గంటలు తియ్యమన్నారు, ఆయన పాడుతుంటే మేం స, ప మాత్రం శ్రుతిగా మోగించాం. హాలు ఖాళీ చేయాల్సిన టైం దాటిపోయింది, కాపలా ఉన్న అతను కూడా గుమ్మంలో నిలబడి విన్నాడు.

సింగపూర్, శుక్రవారం

సిటీ హాల్ స్టేషన్ పక్కనే సెయింట్ ఆండ్రూస్ కెథడ్రల్. తెల్లగా, నున్నగా ఉంటుంది. 1862లో ప్రతిష్ఠ జరిగిన ఈ కట్టడాన్ని కట్టింది భారతదేశం నుంచి తీసుకొచ్చిన ఖైదీలు. గోడలకు వేసిన గచ్చు మద్రాసు పద్ధతిది, గుల్ల సున్నంలో గుడ్డు తెల్లసొన, పంచదార కలిపి, కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్లు పోసి నూరి పూశారు. చేత్తో తాకి చూశాను. మన దగ్గరి మనుషులు, ఏ ఊళ్ల వాళ్లో, ఏ నేరాలకు వచ్చారో, ఎండలో నిలబడి ఈ గోడ నున్నగా రుద్దారన్న ఆలోచన రాగానే గొంతు పట్టేసింది.

లోపల చూపించే ముసలాయన మేం గంటలవాళ్లమని తెలిసి గోపురం సంగతులన్నీ చెప్పారు. ఇక్కడి ఎనిమిది గంటలు 19వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్‌లోని లాఫ్‌బరోలో టేలర్ వాళ్లు పోసినవి. అసలు మా చేతిగంటలు పుట్టింది కూడా ఇలాంటి గోపురాల కిందే. ఇంగ్లండ్‌లో గోపురం గంటలు లాగేవాళ్లు చలిలో పైన గంటల తరబడి సాధన చేయలేక, ఊరందరికీ వినబడకుండా కింద కూర్చుని చిన్న గంటలతో వరసలు నేర్చుకునేవారు, తర్వాత దానికదే ఒక సంగీతం అయింది. ఇంకో కథ కూడా చెప్పారు. ఇదే చోట ఉన్న పాత చర్చికి 1843లో ఒక గంట కానుకగా వచ్చింది, ఇచ్చినావిడ మరియా రెవీర్ బలెస్టియర్, అమెరికన్ కాన్సల్ భార్య, అమెరికా స్వాతంత్ర్య పోరాట వీరుడు పాల్ రెవీర్ కూతురు. రోజూ రాత్రి 8 గంటలకు అయిదు నిమిషాల పాటు దాన్ని మోగించాలనేది ఆవిడ పెట్టిన షరతు. ఆ గంట ఇప్పుడు నేషనల్ మ్యూజియం వాళ్ల దగ్గరుంది, చూడ్డానికి మాకు టైం దొరకలేదు.

రాత్రి గార్డెన్స్ బై ద బేలో పెద్ద చెట్ల దీపాల ప్రదర్శన చూశాం, అది ఉచితం. నేల మీద వెల్లకిలా పడుకుని చూడాలి, అందరూ అలాగే చూస్తారు.

మలక్కా, శనివారం

బస్సులో సరిహద్దు దాటేటప్పుడు సామాను మొత్తం దింపి తనిఖీకి మోసుకెళ్లాలి. గంటల పెట్టెలు ఎక్స్‌రేలో చూసి మలేసియా వైపు ఆఫీసరమ్మ ఒకటి తెరవమంది. గ్లౌజు వేసుకుని తీసి చూపిస్తే మోగించమంది. నేను జి మోగించాను, పక్క అమ్మాయి పై సి మోగించింది, వెనక క్యూలో ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆవిడ నవ్వి పంపించేసింది.

మలక్కాలో దింపిన వ్యాను డ్రైవరు ఫోన్ మ్యాప్ చూసి చర్చి ఇదేనంటూ తప్పు సందులో వదిలేశాడు, దానివల్ల మంచే జరిగింది. అది తుకాంగ్ ఎమాస్ వీధి. 1781 నాటి పొయ్యాద వినాయకుడి గుడి, కొంచెం ముందుకెళితే పాత మసీదు, అదే వరసలో చైనీస్ గుడి. మన విశాఖ పాతపట్నంలో రాస్ కొండ మీద చర్చి, పక్క కొండల మీద దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి ఉన్నట్టే. వినాయకుడి గుళ్లో హారతి గంట మోగుతుంటే మా పిల్లాడొకడు చెవి రిక్కించి అది ఏ స్వరమో కనిపెట్టే పనిలో పడ్డాడు. పూజారి గారు అతన్ని దగ్గరికి పిలిచి గంట తాడు చేతికిచ్చారు.

ఎర్రటి క్రైస్ట్ చర్చ్ దగ్గరికి చివరికి నడిచే వెళ్లాం. డచ్చివాళ్లు 1753లో కట్టింది. పైన దూలాలు ఒక్కోటి ఒకే చెట్టు నుంచి తీసినవి, అతుకుల్లేవు. దాని గంట మీద 1698 అని ఉంటుందట, అంటే చర్చికంటే గంటే పాతది. నేలలో డచ్చివాళ్ల సమాధి రాళ్లు పరిచి ఉన్నాయి. భీమిలి డచ్ సమాధుల తోటలో చిన్నప్పుడు ఆడుకున్న మా మామయ్య ఆ రాళ్ల పక్కన చాలాసేపు కూర్చున్నారు. డచ్చివాళ్ల ఈస్టిండియా కంపెనీ ఓడలు భీమిలి నుంచి బట్టలు ఎక్కించుకుని ఈ సముద్రంలోనే తిరిగాయి.

రాత్రి జాంకర్ వీధి సంత. వారాంతంలోనే ఉంటుంది. ముద్దలు చుట్టిన చికెన్ రైస్, తాటిబెల్లం లాంటి గుల మలక పాకం పోసిన చెందోల్ అనే చల్లటి కొబ్బరిపాల తీపి, గిన్నె ఆరు రింగిట్లు, అంటే 120, 130 రూపాయలు. సింగపూర్ ధరల తర్వాత ఊపిరి పీల్చుకున్నాం. రిక్షాలన్నీ బొమ్మలు, రంగు దీపాలు, పెద్ద స్పీకర్లతో తిరుగుతుంటాయి, వేళ్లు చూపించి బేరమాడాలి, నలభై అన్నది ముప్పైకి వచ్చింది.

మలక్కా, ఆదివారం

తెల్లవారుజామున నా పక్క అమ్మాయికి వాంతులు, విరేచనాలు. ఎండ, ప్రయాణం, నిద్ర లేకపోవడం అన్నీ కలిసి పడ్డాయి. క్లినిక్‌లో డాక్టరు గారు మందులిచ్చి, 100 ప్లస్ డ్రింకు తాగిస్తుండమన్నారు, మందులతో సహా 85 రింగిట్లు. సాయంత్రం కచేరీ. ఆ అమ్మాయి చేతిలో ఉండేవి బి, పై సి, అంటే నిషాదం, పై షడ్జమం. పై షడ్జమం లేకుండా ఏ పాట ముగుస్తుంది?

అందరికీ టెన్షన్. మాస్టారు మాత్రం కాగితాలు ముందేసుకుని కూర్చుని, నిషాదం ఎక్కువగా వచ్చే పాటలన్నీ పక్కన పెట్టేసి, మోహనలో ఉన్నవి, ని లేకుండా సరిపోయేవి ఏరారు. అప్పుడు మోయాల్సింది పై సి ఒక్కటే. అది నాకొచ్చింది. కుడిచేత్తో రెండు గంటలు అడ్డంగా పట్టుకుని, మణికట్టు ఒక వైపు తిప్పితే ఒకటి, ఇంకో వైపు తిప్పితే రెండోది మోగించే పద్ధతి ఉంది, మధ్యాహ్నమంతా గదిలో అదే సాధన చేశాను, మణికట్టు వాచింది. ఆ అమ్మాయి మంచం మీద పడుకుని, కళ్లు మూసుకునే, నేను పై సి ఆలస్యం చేసిన ప్రతిసారీ "ఇప్పుడక్కా" అనేది.

కచేరీ బాగానే జరిగింది. మాకు ఆతిథ్యమిచ్చిన చర్చి చైనీస్ ఆంటీ ఒకావిడ కచేరీకి రాకుండా, ఆ అమ్మాయి దగ్గర కూర్చుని అల్లం వేసిన పల్చటి అన్నం జావ స్పూనుతో తాగించింది. ఆవిడకు తెలుగు రాదు, ఈ అమ్మాయి ఇంగ్లిష్ ఆవిడకు సగమే అర్థమవుతుంది. మేం తిరిగొచ్చేసరికి ఇద్దరూ నిద్రపోతున్నారు.

కౌలాలంపూర్, సోమ, మంగళవారాలు

బటు గుహలు, రంగులు వేసిన 272 మెట్లు, 42.7 మీటర్ల మురుగన్ విగ్రహం, కోతులు. ఎండెక్కక ముందే ఎక్కేయాలి. కౌలాలంపూర్‌లో కచేరీ పెద్ద హాల్లో జరిగింది, ఏసీ ఎక్కువ, జనం తక్కువ. బ్రిక్‌ఫీల్డ్స్‌లో అరిటాకు భోజనం 14 రింగిట్లు, కూరలు అడిగినన్నిసార్లు వేస్తారు.

నాకు నచ్చింది మాత్రం రాయల్ సెలాంగోర్ వాళ్ల ఫ్యాక్టరీ. 1885 నుంచి తగరంతో పాత్రలు చేస్తున్న ఇల్లది, చూడ్డానికి టికెట్టు లేదు. ఒకప్పుడు ఈ దేశం తగరానికే ప్రసిద్ధి, ఈ కొండల కింద తవ్విన తగరం ప్రపంచమంతా వెళ్లింది. మా చేతిగంటల్లో దాదాపు అయిదో వంతు తగరమే, మిగతాది రాగి. తగరం పాలు పెరిగితే లోహం గట్టిపడి మోత నిలబడుతుంది, మరీ ఎక్కువైతే పెళుసుబారి పగులుతుంది. శ్రీకాకుళం జిల్లా బుడితిలో కంచు పని చేసేవాళ్ల దగ్గరికి మా మాస్టారు మమ్మల్ని ఒకసారి తీసుకెళ్లారు, అక్కడ విన్న మాటే ఇక్కడ పనివాడు సుత్తితో గిన్నె అంచు కొడుతూ చెప్పాడు, చెవితో చూసుకోవాలని.

బగాన్ దాతు, బుధవారం

ఉత్తరానికి బయల్దేరి దారిలో తెలుక్ ఇంతాన్‌లో ఆగాం. 1885లో కట్టిన నీళ్ల ట్యాంకు గోపురం, పైన గడియారం ఉంది, బయటికి ఎనిమిది అంతస్తుల్లా కనబడుతుంది కానీ లోపల మూడే. నేల మెత్తన, ట్యాంకు బరువు, దాంతో ఒక పక్కకి ఒరిగిపోయింది. అక్కడ టీ తాగి బయల్దేరితే డ్రైవరు మ్యాప్‌ని నమ్మి పామాయిల్ తోటలోకి తిప్పాడు. చుట్టూ ఒకేలా చెట్లు, ఎర్రమట్టి దారి, చివర మూసిన గేటు. సైకిల్ మీద వెళ్తున్న తమిళ పెద్దాయన ఆగి, దారి చెబితే మళ్లీ తప్పుతారని తనే ముందు తొక్కుకుంటూ మెయిన్ రోడ్డు దాకా తీసుకొచ్చారు. డబ్బివ్వబోతే ఒప్పుకోలేదు, ఒక మంచినీళ్ల సీసా మాత్రం తీసుకున్నారు.

బగాన్ దాతు పేరాక్ నది సముద్రంలో కలిసే చోటు, ఎటు చూసినా కొబ్బరి తోటలు. ఉత్తరాంధ్ర నుంచి, గోదావరి జిల్లాల నుంచి తోట కూలీలుగా వచ్చిన కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా ఉన్నాయి. కూలీల ఒప్పంద పద్ధతి మలయాలో 1910లో రద్దయింది, ఆ తర్వాత కూడా కూలీలను పోగుచేసి తెచ్చే కంగాణీల (మేస్త్రీల) వెంట చాలామంది వచ్చారు. 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకుని, భాష పోకుండా పిల్లలకు తెలుగు నేర్పుతూ వచ్చారు.

హాల్లోకి వెళ్లేసరికి బల్లలున్నాయి, ఫోమ్ లేదు. తెస్తానన్న మనిషి బండి పాడై దారిలో ఆగిపోయాడు. మేం ఏం చేయాలా అని చూస్తుండగానే ఆడవాళ్లు ఇళ్లకెళ్లి పరుపులు మోసుకొచ్చారు. మంచాల మీది పరుపులు, పిల్లల పరుపులు, వాటి మీద పూల దుప్పట్లు పరిచి చుట్టూ పిన్నులు గుచ్చారు. బల్ల ఎత్తు పెరిగి పొట్టివాళ్లకు గంటలు అందక, వాళ్ల కాళ్ల కింద చెక్కలు వేశారు. ఇంత శ్రద్ధగా ఎవరూ మా కోసం వేదిక కట్టలేదు.

ఆరోజు ఆ అమ్మాయి తన గంటలతో మళ్లీ నా పక్కన నిలబడింది, మొహం పీక్కుపోయినా చేయి మాత్రం నిలకడగా ఉంది. కీర్తనలయ్యాక మాస్టారు గంటలకు రాసిన ఉత్తరాంధ్ర జోలపాట మొదలుపెట్టాం. రెండో వరసకే ముందు కూర్చున్న ఆడవాళ్లు పాడటం మొదలుపెట్టారు. ముందు ఇద్దరు, తర్వాత అందరూ. మాస్టారు చేయి ఎత్తి మమ్మల్ని నెమ్మదించమన్నారు, వాళ్ల లయకు మేం వెళ్లాం. నా కళ్లలో నీళ్లు తిరిగి కాగితం కనబడలేదు, పక్క అమ్మాయి మోచేతి కదలిక చూస్తూ మోగించాను.

అయిపోయాక తెల్లచీర కట్టుకున్న మామ్మగారొకరు నా చేయి పట్టుకుని, "ఏటమ్మా, ఇశాపట్నం నుంచొచ్చారా?" అన్నారు. పుట్టింది ఇక్కడే, ఇండియా ఎప్పుడూ చూడలేదు. వాళ్ల నాన్న చీపురుపల్లి వైపు నుంచి వచ్చారట. ఆవిడ మాట అచ్చం మా అమ్మమ్మ మాట. "పాట బాగుంది గానీ, అక్కడ అలా కాదు," అని ఒక చోటు పాడి చూపించారు. ద దగ్గర ఆగి, మెల్లగా ని మీదికి జారి, మళ్లీ కిందికి వచ్చారు. మేం ద నుంచి నేరుగా ప కి దిగిపోతాం. మాస్టారు ఫోన్‌లో నాలుగుసార్లు రికార్డు చేసుకున్నారు.

భోజనం వాళ్ల ఇళ్లలోనే. కొబ్బరిపాలు పోసిన రొయ్యల కూర, మునగాకు పప్పు, ఎండుచేప వేపుడు, పక్కన రొయ్యల ముద్ద వేసిన మిరప పచ్చడి, బెలాచాన్ సంబల్ అంటారు. పెద్దవాళ్లు తినేదాకా పిల్లలు కూర్చోలేదు, మేం వద్దన్నా మామ్మగారే వడ్డించారు. వెళ్లేటప్పుడు మనిషికో కొబ్బరికాయ చేతిలో పెట్టారు.

ఖర్చు సంగతి చాలామంది అడుగుతున్నారు. విమానం, బస్సులు, బస, తిండి కలిపి తలా 70 వేల దాకా అయింది, బసలు చాలాచోట్ల చర్చివాళ్ల ఇళ్లలోనే కాబట్టి అంతలో తేలింది. పిల్లల ఖర్చులో సగం క్రిస్మస్ కేరల్స్ డబ్బుల్లోంచి ఇచ్చాం. ఎవరైనా ఇలాంటి బృందంతో వెళ్లేట్టయితే చుట్టి పెట్టుకోగలిగే పల్చటి ఫోమ్ కొంతైనా వెంట ఉంచుకోవాలి, సింగపూర్‌లో కాకుండా మలేసియాలో ఎక్కువ రోజులు పెట్టుకుంటే ఖర్చు కలిసొస్తుంది.

నిన్న ప్రాక్టీసులో మాస్టారు మామ్మగారి వరసను గంటలకు రాసి తెచ్చారు. జారుడు గంటలో రాదు కదా, అందుకని నా ద గంటను భుజానికి ఆనించకుండా మోగుతూనే వదిలేయమన్నారు, అది ఇంకా వినబడుతుండగా పక్క అమ్మాయి ని అందుకోవాలి, ని అందగానే నేను ఆపాలి. ముందు ఆపితే మధ్యలో ఖాళీ వస్తుంది, ఆలస్యమైతే రెండు స్వరాలూ కొట్లాడుకుంటాయి. ఇద్దరం ఒకరి చేయి ఒకరం చూసుకుంటూ సాయంత్రమంతా ఆ ఒక్క చోటే మోగించాం. ఇంకా కుదరలేదు. క్రిస్మస్ లోపు కుదిరితే రికార్డు చేసి బగాన్ దాతు పంపాలి, బాగుందో లేదో మామ్మగారే చెప్పాలి.